చలికాలంలో పడవ వెనుక గాలం లాగినా వాలుగ తగలకపోతే: సాగర్ వెనుక జలాలలో సమస్య - పరిష్కారం

నడుస్తున్న పడవ వెనుక ఎరను ఈడ్చుకుంటూ పోయి వేటచేపను పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. దీని మీద దొరికే సలహాలలో చాలా భాగం ఉత్తర అమెరికా సరస్సులలోని లేక్ ట్రౌట్ అనే చేపను దృష్టిలో పెట్టుకొని చెప్పినవి. ఆ చేపకు ఇంచుమించు 10 డిగ్రీల చల్లని నీరు హితం. వేసవిలో లోతుకు దిగిపోయిన ట్రౌట్ పై నీరు చల్లబడగానే మీదికి వస్తుంది కనుక, చలికాలంలో ఎరను పైపైనే లాగమని అక్కడివారు చెప్పడం సబబే. అదే మాట పట్టుకొని నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ వైపు నాగార్జున సాగర్ నీటిలో వాలుగ కోసం తిరిగితే మాత్రం పెట్రోలు ఖర్చు తప్ప ఏమీ మిగలదు. నేను మొదటి చలికాలమంతా చేసిన పొరపాటు ఇదే.

ఇక్కడ చిక్కు ఏ రూపంలో కనిపించినా, ముందు ఎర ఉన్న లోతును, తరువాత పడవ వేగాన్ని, ఆ రెండూ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే ఎరను అనుమానించాలి. చాలామంది ఈ వరుసను తిరగేసి, పెట్టెలోని ఎరలన్నీ మార్చి చూసి ఇంటికి వెళతారు.

ఉదయమంతా తిరిగినా ఒక్క చేప కూడా తగలడం లేదు

వాలుగ వెచ్చని నీటి చేప. పగలు లోతైన మడుగులలో, రాళ్ళ సందులలో, ఒడ్డు కింది గుంతలలో పడి ఉండి, పొద్దు వాలాక వేటకు కదులుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులలో ఒడ్డు వెంట ఉన్న పలుచని నీరు త్వరగా చల్లబడుతుంది కానీ, లోతులో ఉన్న పెద్ద నీటి రాశి అంత తొందరగా మారదు. అందువల్ల తెల్లవారిన తరువాత మొదటి రెండు మూడు గంటలు ఒడ్డుకు దగ్గరగా, పైపైన లాగిన ఎర ఎవరూ లేని వీధిలో వేసిన కేక వంటిది. ఆ వేళలో పాత వాగులు నదిలో కలిసిన చోట్ల, గట్టు నిలువుగా దిగిన అంచుల వెంట, నీటి అడుగు నుంచి ఒక బార (చాచిన రెండు చేతుల నిడివి) ఎత్తులో ఎర నడవాలి. మధ్యాహ్నం ఎండకు ఒడ్డు నీరు వెచ్చబడి పరకలు (చిన్న చేపలు) అక్కడికి చేరాక, సాయంత్రం వాటి వెంట వచ్చే వాలుగ కోసం రెండు మూడు బారల లోతులో లాగవచ్చు.

ఎర ఎంత లోతున ఉందో తెలియకపోవడమే అసలు కారణం. దారం 20 మీటర్లు వదిలాము కనుక ఎర 20 మీటర్ల లోతున ఉందనుకోవడం భ్రమ. నీటి మట్టంతో దారం 30 డిగ్రీల వాలులో దిగుతూ ఉంటే ఆ లోతు సుమారు 10 మీటర్లు మాత్రమే, 15 డిగ్రీలైతే 5 మీటర్ల పైచిలుకు. ఇదీ ఉజ్జాయింపే. నమ్మదగిన పద్ధతి ఏమిటంటే, బారకొక ముడి వేసిన తాడుకు సీసం గుండు కట్టి ముందుగా ఒక చోట లోతు కొలిచి, అదే చోట మామూలుగా నడిచే వేగంతో పోతూ, ఎర అడుగును తాకి కర్ర కొస టపటపా కొట్టుకునేదాకా దారం వదిలి, ఎంత దారానికి ఎంత లోతు వచ్చిందో రాసి పెట్టుకోవాలి. ఎర పైకి తేలిపోతూ ఉంటే మరింత దారం వదలడం కన్నా, ఎరకు రెండు మీటర్ల ముందు బరువైన గుండు కట్టడం మేలు. దారం పొడవు పెరిగేకొద్దీ చేప తగిలినప్పుడు పట్టు సడలుతుంది.

వెంట వచ్చిన చేప ఎరను అందుకోకుండా తిరిగిపోతోంది

వేగం ఎక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. చల్లబడిన నీటిలో చేప ఒంటి వేడి కూడా తగ్గి, అది దూరం తరమడానికి ఇష్టపడదు. వాలుగకు గంటకు రెండు నుంచి మూడు కిలోమీటర్ల నడక చాలు. ఫోనులో వేగం చూసుకోవచ్చు. లేదంటే పడవ ముక్కు దగ్గర నీటిలో ఒక ఆకు వేసి, అది వెనుక అంచును దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించాలి. నాలుగు మీటర్ల పడవను ఆకు ఐదు సెకన్లలో దాటితే వేగం గంటకు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అయితే గాలికి ఆకు కూడా కొట్టుకుపోతుంది కనుక, గాలి ఉన్న రోజు ఈ లెక్క నిలవదు.

వేగం సరిగా ఉందో లేదో చేపే చెప్పే సందర్భం ఒకటుంది. పడవను మలుపు తిప్పినప్పుడు లోపలి వైపు దారం నెమ్మదించి ఎర కిందికి దిగుతుంది, బయటి వైపు ఎర వేగం పుంజుకొని పైకి లేస్తుంది. మలుపులో లోపలి గాలానికి చేప తగిలితే అప్పటిదాకా మరీ వేగంగా, మరీ పైన లాగుతున్నామని అర్థం. బయటి గాలానికి తగిలితే అందుకు విరుద్ధం. అందుకే నేను నేరుగా పోకుండా పాము నడకలా మెలికలు తిప్పుతూ పోతాను.

ఇంజను అంత నెమ్మదిగా నడవదు, నడిచినా ఆగిపోతోంది

చిన్న ఇంజను అతి తక్కువ వేగంలో కూడా పడవను ముందుకు తోసేస్తూ ఉంటే, పడవ వెనుక ఇరువైపులా తాళ్ళతో ఒక్కొక్క బకెట్టు కట్టి నీటిలో వదలండి. వాటి ఈడుపుకు నడక తగ్గుతుంది. తాళ్ళు ఇంజను రెక్కలను అందుకోనంత పొట్టిగా ఉండాలి. నూనె కలిపిన పెట్రోలుతో నడిచే రెండు స్ట్రోకుల ఇంజను గంటల తరబడి మందంగా నడిస్తే స్పార్క్ ప్లగ్గుకు మసి పట్టి ఆగిపోతుంది. అరగంటకొకసారి గాలాలు చుట్టి ఒక నిమిషం గట్టిగా నడపాలి, అదనపు ప్లగ్గు వెంట ఉంచుకోవాలి.

దారం మెలికలు పడి ఉండలు కడుతోంది

రేకు ఎర తనచుట్టూ తాను తిరగడమే కారణం. ఎరకు ముందు ఒకటి, గుండుకు ముందు మరొకటి చొప్పున మంచి స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లంకె) వేయాలి. ఇప్పటికే మెలిపడిన దారానికి ఎర, గుండు తీసేసి, ఖాళీ దారాన్ని పడవ వెనుక కొంతదూరం ఈడిస్తే మెలికలు వాటంతటవే విప్పుకుంటాయి.

తగిలిన చేప జారిపోతోంది

దారం కొస నూలు పీచులా చిట్లి ఉంటే వాలుగ పళ్ళు కోశాయని గుర్తు. ఒక అడుగు పొడవు సన్నని ఉక్కు తీగ కట్టాలి. కొస శుభ్రంగా ఉండి చేప మాత్రమే ఊడిపోతే గాలం మొనను బొటనవేలి గోటి మీద ఆనించి లాగి చూడండి, గీరుకోకుండా జారితే అది మొద్దుబారినట్టే. రెండూ బాగుంటే తప్పు మనదే: కర్ర వంగగానే ఇంజను ఆపేయడం వల్ల దారం వదులై గాలం ఊడివస్తుంది. నాలుగైదు సెకన్లు పడవను నడవనిచ్చి, గాలం దిగిందని తెలిశాక నెమ్మదించాలి. రీలు బిగింపును దారం సత్తువలో మూడో వంతు దాటనీయరాదు. 9 కిలోల దారమైతే చేతి కాటాతో లాగినప్పుడు 3 కిలోలకు రీలు దారం వదలాలి.

గాలం అడుగున చిక్కుకుంది

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. యాసంగి పంటలకు కాలువలు వదిలాక మట్టం దిగుతూ ఉంటుంది కనుక, కార్తీకంలో మూడు బారల కింద ఉన్న మోడు సంక్రాంతి నాటికి మన ఎర దారిలోకి వస్తుంది. ఫోనులో గుర్తుపెట్టుకున్న చోట్లకు పక్కనే ఆనాటి నీటిమట్టం కూడా రాసుకోకపోతే ఆ గుర్తులు పనికిరావు. చిక్కిన గాలాన్ని ఉన్నచోటి నుంచి గుంజితే మరింత దిగబడుతుంది. మెల్లగా రీలుకు దారం చుట్టుకుంటూ చిక్కు మీదుగా దాటిపోయి, వచ్చిన దిక్కుకు ఎదురు నుంచి లాగాలి. దారాన్ని చేతికి చుట్టుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. పడవ వెనుక అంచు మీద ఒరిగి లాగడం అంతకన్నా ప్రమాదం, చిన్న పడవలోకి నీరు వచ్చేది ఆ అంచు నుంచే. ఒకసారి నా పడవ అలాగే మోకాలి లోతు నిండింది.

లాగితే మెత్తగా సాగుతూ వచ్చేది మోడు కాదు, ఎవరిదో వల. నీటి మీద వరుసగా తేలే థర్మోకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు దాని ఆనవాళ్ళు. వలకన్ను ఒక్కటి కూడా తెగకుండా గాలం విడదీయగలిగితే సరి, లేకుంటే మన దారమే కోసుకోవాలి. ఈ నీటిలో వేట హక్కు అనుమతి పొందిన మత్స్యకారులది. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలోనూ స్థానిక సంఘంలోనూ అడిగిన తరువాతనే పడవ దించాలి. ఎగువన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఒడ్డు వైపు అటవీశాఖ నిబంధనలు వేరు.

పడవ లేదు, పుట్టి మాత్రమే ఉంది

వల వేయడానికి పుట్టిని మించినది లేదు కానీ, గుండ్రని అడుగు వల్ల తెడ్డు వేసిన ప్రతిసారీ అది తిరుగుతుంది, దారాలు పెనవేసుకుంటాయి. ఒక్క గాలమే వేసి, ఒకరు ముందువైపు నుంచి నీటిని తమ వైపు లాగుకుంటూ తెడ్డు వేయగా, రెండోవారు వెనుక కూర్చొని దారం పట్టుకోవాలి. గాలి లేచిన వెంటనే ఒడ్డు చేరాలి.

పొగమంచు కమ్మింది

ఎదుటి ఒడ్డు కనిపించేదాకా బయలుదేరవద్దు. నీటి మధ్యలో ఉండగా కమ్ముకుంటే గాలాలు చుట్టి, ఇంజను ఆపి, మిగతా పడవల చప్పుడు వింటూ, మంచు విడిచేదాకా ఈల ఊదుతూ ఉండాలి. లైఫ్ జాకెట్టు అప్పటికే ఒంటి మీద ఉండాలి.