బడి గ్రౌండులో పని మొదలైతే ఊరి మాట ఎలా అడిగించాలి

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్న మా ఊరి జడ్పీ హైస్కూలు గ్రౌండులోకి జేసీబీ వచ్చింది. నాది టైలరింగు. అప్పుడు పెళ్లివారి జాకెట్లతో మిషను మీద ఉన్నాను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మా ఖోఖో కోర్టు పక్కన తవ్వేస్తన్నారే" అంది. వెళ్లేసరికి గోడ వెంబడి పది బారల పొడవున తవ్వేశారు. డ్రైవర్ని అడిగితే కాంట్రాక్టర్ని అడగమన్నాడు. కాంట్రాక్టరు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని అడగమన్నాడు. హెచ్.ఎం. గారేమో "నాకూ నిన్న సాయంత్రమే చెప్పారమ్మా" అన్నారు. నేను ఆ బడి పేరెంట్స్ కమిటీలో మెంబర్ని. నాకు ఆ మాత్రం కూడా తెలీదు.

మాది విజయనగరం జిల్లా, గజపతినగరం వైపు. ఆ రోజు నుంచి జూన్ దాకా మేం తిరిగిన తిరుగుడులో పనికొచ్చింది ఏదో, దండగైంది ఏదో రాస్తున్నాను. మీ ఊరి గ్రౌండులో రేపు ఏ ట్రాకో, గ్యాలరీయో మొదలైతే మీకు మాకు పట్టినంత టైము పట్టకూడదు.

మొదటి రోజు మేం చేసిన తప్పు ముందు చెప్తాను. మా కుర్రాళ్లు నలుగురు వెళ్లి జేసీబీ ముందు కూర్చున్నారు. పోలీసులొచ్చారు. సాయంత్రానికి "ఊళ్లో కొందరు అభివృద్ధి పనులు అడ్డుకుంటున్నారు" అన్న మాట మండలం దాకా పోయింది. ఆ మాట చెరిపేసుకోడానికి రెండు వారాలు పట్టింది. మీరు ఆ పని చెయ్యకండి. ఫొటోలు తియ్యండి. తవ్విన చోట ఒక మనిషిని నిలబెట్టి తీస్తే లోతెంతో తెలుస్తుంది. తర్వాత ఊరి సచివాలయానికి వెళ్లి ఇంజినీరింగ్ అసిస్టెంటుని అడగండి. అడగాల్సినవి రెండే: ఈ పని ఏ నిధులతో మంజూరైంది, కొలతలున్న ప్లాను ఏది. మాకు ప్లాను ఫోనులో చూపించారు. ఫోనులో చూసిన ప్లాను చూడనట్టే. వేలితో పెద్దది చేస్తే ఒక మూలే కనపడుతుంది. ప్రింటు అడగండి.

నిధులు ఎవరివో ఎందుకు తెలియాలంటే, ప్లాను మార్చగలిగేది ఎవరో దాన్నిబట్టే ఉంటుంది. ఎంపీ గారి నిధులైతే (ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి) మంజూరు జిల్లా కేంద్రం నుంచి వస్తుంది. ఉపాధి హామీ అయితే దారి వేరు, ఏదైనా కంపెనీ సొమ్మయితే వేరు. మేం ఇది తెలుసుకోకుండా పది రోజులు సర్పంచి గారి ఇంటి చుట్టూ తిరిగాం. ఆయన చేతిలో ఏమీ లేదు పాపం, టీ ఇచ్చి పంపేవారు.

ఇక కమిటీ. మేం పేరెంట్స్ కమిటీ అనేది చట్టంలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు. ఆ పక్క సెక్షనే బడి అభివృద్ధి ప్లాను ఈ కమిటీ తయారు చెయ్యాలంటుంది. బడికి ఉండాల్సిన వాటి జాబితాలో ఆటస్థలం కూడా ఉంది. కాబట్టి "మీకెందుకమ్మా ఇవన్నీ" అంటే తల దించుకోనక్కర్లేదు. హెచ్.ఎం. గారిని కమిటీ మీటింగు పెట్టమని కాగితం ఇవ్వండి. కానీ ఆయన్ని ఇరుకున పెట్టకండి. ఆయన ఉద్యోగి, పైనుంచి మాట పడేది ఆయనే. మా తీర్మానంలో ఎవరి తప్పూ రాయలేదు. "కాంక్రీటు వెయ్యకముందే ప్లానును గ్రౌండులో ఊరివాళ్లకి చూపించి అభిప్రాయం తీసుకోవాలని కోరుతున్నాం" అని ఒక్క వాక్యం. "పని ఆపండి" అని ఎక్కడా రాయలేదు. అలా రాస్తే మొత్తం డబ్బు వెనక్కి పోతుందేమోనని సగం ఊరు మనకి ఎదురు తిరుగుతుంది.

అదే వారంలో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేసెయ్యండి. 30 రోజులు పడుతుంది కాబట్టి రేపు మాపు అనుకోవద్దు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల రేషను కార్డు ఉంటే నకలు జత చెయ్యండి, ఎక్కడా ఫీజు కట్టక్కర్లేదు. నా మొదటి దరఖాస్తులో "మమ్మల్ని ఎందుకు అడగలేదు, ఎవరు బాధ్యులు" అని రాశాను. చాలా కోపంగా, చాలా బాగా రాశాననుకున్నాను. ఆఫీసులో ఒక గుమాస్తా గారు చదివి నవ్వి, "అమ్మా, ఈ చట్టం కింద కాగితం అడగాలి, కారణం అడక్కూడదు" అన్నారు. మంచి మాట చెప్పారు. రెండోసారి ఇలా రాశాను:

"మా గ్రామ హైస్కూలు క్రీడా మైదానంలో జరుగుతున్న పనికి సంబంధించి ఈ కింది వాటి నకళ్లు ఇప్పించగలరు. మంజూరు ఉత్తర్వు. ఎస్టిమేటు, కొలతలతో ఉన్న సైట్ ప్లాను. వర్క్ ఆర్డరు, పూర్తి చెయ్యాల్సిన గడువు. ఈ పనిపై ప్రజల అభిప్రాయం తీసుకుని ఉంటే ఆ సమావేశం మినిట్స్. ఇప్పటిదాకా రాసిన ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు. అలాగే సెక్షన్ 2(జె) ప్రకారం పనిని, రికార్డును స్వయంగా చూడ్డానికి ఒక తేదీ ఇవ్వగలరు."

ఆఖరి వాక్యం వదలకండి. కాగితాలు రావడం ఆలస్యమైనా చూడ్డానికి రమ్మని ముందే కబురు రావచ్చు. మాకు అలాగే వచ్చింది. తప్పు ఆఫీసుకి వేశారనుకోండి, 5 రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాల్సింది వాళ్లే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, తర్వాతి 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యండి.

ఇప్పుడు అసలు పని.

ప్లాను చేతికొచ్చింది. ఇరవై మందికి చూపించాం. అందరూ తల ఊపారు. "బాగుందమ్మా" అన్నారు. ఒక్కళ్లకీ ఏమీ అర్థం కాలేదు, నాతో సహా. గళ్లూ గీతలూ చూసి ఎవరు మాత్రం ఏం చెప్తారు? ఆ రాత్రి ఒక జాకెట్టు కత్తిరిస్తూ గుడ్డ మీద సుద్దతో గీస్తుంటే తట్టింది. గుడ్డ మీద గీస్తేనే కదా నాకైనా తెలిసేది. గ్రౌండు మీద గీసేస్తే?

మర్నాడు మేస్త్రి దగ్గర 30 మీటర్ల టేపు, నులక తాడు, ఆరు మేకులు తెచ్చాం. సున్నం కొంటామంటే బడిలో ఆటలు నేర్పే పీడీ మాస్టారు వద్దన్నారు. పొడి సున్నం పిల్లల కళ్లలో పడితే ప్రమాదం, ముగ్గుపిండి చాలన్నారు. రెండు బస్తాలు పట్టింది. గ్రౌండు పొడవు 120 మీటర్లు, అడ్డం 87. అంటే సుమారు 2 ఎకరాల 58 సెంట్లు. ప్లానులో ఉన్నది చుట్టూ 2 మీటర్ల వెడల్పు పేవర్ రాళ్ల వాకింగ్ ట్రాకు, తూర్పు పక్క మెట్ల గ్యాలరీ. గోడకి 2 మీటర్లు వదిలి తాడు లాగి, మూలల దగ్గర 20 మీటర్ల తాడుని మేకుకి కట్టి గుండ్రంగా తిప్పాం. అది నాకు తేలిక, జాకెట్టుకి చంక తిప్పినట్టే. బోర్డు మీద "400 మీటర్ల ట్రాక్" అని ఉంది. టేపు పెడితే 363 వచ్చింది. ఆ తేడా గురించే ఎం.బుక్ అడగమన్నాను. రేపు బిల్లు ఏ కొలతకి పడుతుందో అందులోనే ఉంటుంది.

(ఎవరైనా మీ ఊళ్లో "400 మీటర్ల రన్నింగ్ ట్రాక్" వేస్తామంటే ముందు స్థలం కొలవండి. పోటీలకి వాడే 8 లైన్ల ట్రాకుకి సుమారు 177 మీటర్ల పొడవు, 92 మీటర్లకి పైన వెడల్పు కావాలి. దగ్గర దగ్గర 4 ఎకరాలు. మన పల్లెటూరి బళ్లలో అంత చోటు ఎన్నింటికి ఉంటుంది?)

ఆ సాయంత్రం ముగ్గు గీతలు చూడ్డానికి ఊరంతా వచ్చింది. కాగితం చూసి తల ఊపినవాళ్లే గీత మీద నడుస్తూ మాట్లాడ్డం మొదలెట్టారు. వాయవ్యం మూల వంపు సరిగ్గా ఖోఖో స్తంభం మీంచి పోయింది. ఖోఖోకి 27 మీటర్లు, 16 మీటర్లు కావాలి, ఆ మూల తప్ప చదునుగా ఇంకెక్కడా అంత చోటు లేదు. పీడీ మాస్టారు గ్యాలరీ గీత మీద కూర్చుని, "సాయంత్రం ఆటలు. ఇక్కడ కూర్చున్నోళ్ల మొహాన ఎండ. గ్యాలరీ పడమటి పక్కుండాలి, ఎండ వీపుకి తగలాలి" అన్నారు. అంతలో మా వీధి పెద్దమ్మ ఒకావిడ, బడి మొహం చూడని మనిషి, ఆగ్నేయం మూలకెళ్లి కర్రతో గీతని పొడిచింది. "ఇదెంత ఎత్తు లేపుతారు బావూ?" అనడిగింది. తొమ్మిది అంగుళాలని ఇంజినీరింగ్ అసిస్టెంటు చెప్పాడు. "మరి వాననీరు గెడ్డలోకి ఎలగెళ్తాది? ఇక్కడినుంచే కదా ఎల్లాలి. తుపానొస్తే బడి చెరువైపోద్ది."

అందరం ఆ మూలనే చూస్తూ నిలబడ్డాం. మూడు వారాలు ప్లాను చూసిన మాకెవరికీ ఆ సంగతి తోచలేదు.

అందుకే మీటింగు హాల్లో పెట్టొద్దంటాను. గ్రౌండులో, గీతల పక్కన పెట్టండి. టైము కూడా చూసుకోండి. పొద్దున్న పదకొండింటికి పెడితే ఉపాధి పనికెళ్లినవాళ్లు రారు, వచ్చేది అరుగుల మీద కూర్చునేవాళ్లే. సాయంత్రం అయిదున్నర మంచిది. ఊడ్పుల్లోనూ, కోతల్లోనూ వద్దు. విశాఖకీ హైదరాబాదుకీ వలసెళ్లిన వాళ్ల మాట కూడా కావాలంటే సంక్రాంతికి మించింది లేదు. కనుమ మర్నాడు పెడితే ఊళ్లో అందరూ ఉంటారు. వాట్సాప్‌లో అభిప్రాయాలు అడగొద్దు. మేం అడిగాం. రెండో రోజుకి ట్రాకు పోయి పార్టీలొచ్చాయి. ముందు రోజు రాత్రి చాటింపు వేయించండి, డ్వాక్రా మీటింగులో చెప్పించండి, చాలు.

అభిప్రాయాలు ఒకేలా ఉంటాయని ఆశపడకండి. మా ఊళ్లో షుగరూ బీపీ ఉన్న పెద్దవాళ్లకి ట్రాకు కావాలి. రోడ్డు మీద లారీల మధ్య నడవలేకపోతున్నారు, వాళ్లదీ న్యాయమే. ఒక పెద్దాయన "ఖోఖో ఆడితే ఏటొస్తాది?" అన్నాడు. పీడీ మాస్టారు ఊరుకోలేదు. "ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల బరువులెత్తితే ఏటొచ్చింది తాతా? 2000లో సిడ్నీలో ఒలింపిక్ మెడలొచ్చింది" అన్నారు. కరణం మల్లీశ్వరి పేరు చెప్పక్కర్లేకుండానే అందరూ చప్పట్లు. నవ్వులో వేడి చల్లారింది. ఆటల పిల్లల్ని కూడా విడిగా అడగండి, పెద్దల ముందు నోరు తెరవరు. మేం ఒక నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలే రాశాం: ఏది ఉండాలి, ఏది పక్కకి జరపాలి, ఏది వద్దు. చెప్పింది చెప్పినట్టు రాసి, సంతకమో వేలిముద్రో తీసుకున్నాం. 143 మంది చెప్పారు.

ఆ పుస్తకం పట్టుకుని ఏప్రిల్‌లో గ్రామసభకి వెళ్లాం. తీర్మానం చేసినంత మాత్రాన ఎస్టిమేటు మారిపోదు, ఆ భ్రమ వద్దు. కానీ కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో రాస్తే అది ఊరి మాట అవుతుంది, రాయకపోతే మన నలుగురి మాటే. అక్కడే నిలబడి రాయించి, నకలు తీసుకున్నాం. తర్వాతి సోమవారం కలెక్టరేటు గ్రీవెన్స్‌కి వెళ్లాం. ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని ఇప్పటి పేరు, జనం మాత్రం గ్రీవెన్స్ అనే అంటారు. ముగ్గురమే వెళ్లాం. ముప్పై మంది వెళ్తే ధర్నా అనుకుంటారు. అర్జీ ఒక పేజీ దాటలేదు. దానికి గీతల ఫొటోలు, తీర్మానం నకలు, కోరుకునే మార్పులు నాలుగు జత చేశాం. రసీదు నంబరు జాగ్రత్తగా పెట్టుకోండి, అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోడానికి 1100కి ఫోను చేసినప్పుడు అదే అడుగుతారు.

మే నెలలో ఇంజినీర్లు వచ్చారు. ముగ్గు చెరిగిపోయి ఉంటే మళ్లీ గీసి పెట్టాం. గ్యాలరీ పడమటికి మారింది. ఆగ్నేయం మూల ట్రాకు కింద రెండు తూములు వేశారు. వాయవ్యం వంపుని లోపలికి జరిపి ఖోఖో కోర్టు వదిలేశారు. ట్రాకు ఇంకా పొట్టిదైంది, దానికి పెద్దవాళ్లు కాస్త అలిగారు. నాలుగోది, మా కాలనీ పిల్లలు వచ్చే వెనక దారికి చిన్న గేటు. గోడలో సందు వదిలారు గానీ గేటు ఇంకా పెట్టలేదు. ఎస్టిమేటులో లేదట. ప్రస్తుతానికి తుమ్మకంప అడ్డం పెట్టాం, మేకలు రాకుండా. వచ్చే సోమవారం మళ్లీ విజయనగరం బస్సెక్కాలి.