ఐరిష్ సంప్రదాయ సంగీతం – స్వయంబోధిని
3వ పాఠం: నాట్యగతులను చెవితో పట్టుకోవడం

ఐర్లండులో పాఠశాల చదువు చివర జరిగే లీవింగ్ సర్టిఫికేట్‌లోని సంగీత పరీక్షకు సిద్ధమవుతున్న తెలుగు విద్యార్థులు రెండవ పాఠంలో ఫిడిల్ (వయొలిన్), ఇలియన్ పైప్స్ (తిత్తితో గాలి ఊది వాయించే ఐరిష్ వాద్యం), కాన్సర్టీనా (చేతులతో నొక్కి సాగదీసే చిన్న తిత్తి వాద్యం) నాదాలను వేరుచేసి గుర్తించడం అభ్యసించారు. ఇప్పుడు ఆ వాద్యాలు వాయించే నాట్యగీతం ఏ రకమో చెప్పగలగాలి. చాలామంది వేగాన్ని బట్టి నిర్ణయిస్తారు. నా అనుభవంలో తప్పు జరిగేది అక్కడే. వాయించేవారిని బట్టి వేగం మారుతుంది కాని, ఒక్కొక్క దెబ్బలో ఎన్ని స్వరాలు ఇమిడి ఉన్నాయన్నది మారదు.

కర్ణాటక సంగీతం కొద్దిగానైనా నేర్చుకున్నవారికి ఈ లెక్క కొత్త కాదు. డబుల్ జిగ్ అనే నాట్యగీతం 6/8లో సాగుతుంది, అంటే ఒక్కొక్క బార్‌లో (మన ఆవర్తం వంటి లయ కొలతలో) ఆరు లెక్కలు: బార్‌కు కాలితో రెండు దెబ్బలు వేస్తూ, ఒక్కొక్క దెబ్బకు "తకిట" అనండి. ఐర్లండులో ఇదే లయను పిల్లలకు "రాషర్స్ అండ్ సాసేజెస్" అన్న మాటలతో నేర్పుతారు. స్లిప్ జిగ్ 9/8 కనుక మూడు దెబ్బలు, మూడు "తకిట"లు. తొమ్మిది అనగానే తొమ్మిది లెక్కల సంకీర్ణజాతి గుర్తుకు వచ్చి నాలుగు, ఐదుగా విడదీయకండి. ఇక్కడ ఉన్నది త్రిశ్రమే, అంటే మూడేసి లెక్కలే. కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూఖ్రా ప్రాంతంలో విరివిగా వినిపించే స్లైడ్ 12/8, అంటే నాలుగు "తకిట"లు. అదే ప్రాంతం పోల్కాలకూ పేరుపొందింది, పోల్కాది 2/4.

అన్నిటికంటె ఎక్కువ శ్రమ పెట్టవలసింది రీల్, హార్న్‌పైప్ భేదం మీద. రెండింటినీ 4/4లోనే రాస్తారు, రెండింటికీ "తకధిమి" సరిపోతుంది. రీల్‌లో స్వరాలు ఇంచుమించు సమానమైన నిడివితో ఎడతెగకుండా ప్రవహిస్తాయి. హార్న్‌పైప్ నెమ్మదిగా, ఒక స్వరం సాగి మరొకటి కుదించుకున్నట్లు ఊగుతూ నడుస్తుంది. దాని భాగాలు సాధారణంగా మూడు బలమైన స్వరాలతో ముగుస్తాయి. కాబట్టి సంగీతం వినిపించగానే జవాబు రాయడానికి తొందరపడక, ఎనిమిదవ బార్ వరకు లెక్కపెట్టి, ఆ ముగింపు వినండి. ఎనిమిది బార్ల భాగాలు రెండు, ఒక్కొక్కటి రెండుసార్లు, మొత్తం 32 బార్లు అన్నది ఈ గీతాలలో ఎక్కువగా కనిపించే అమరిక.

జవాబులో "రీల్" అని మాత్రమే రాసి వదలకండి. 4/4 అని, స్వరాల నిడివి దాదాపు సమానంగా వినిపించిందని, మీరు విన్నదాన్నే కారణంగా చూపండి.

ఈ వారం రోజుకు పది నిమిషాలు, పేరు చూడకుండా ఐదు గీతాలు విని, ముందు దెబ్బ వేసి, తరువాత జతి పలికి, చివరగా పేరు రాసుకోండి. నాలుగవ పాఠంలో తాళానికి కట్టుబడని, వాద్యసహకారం లేని షాన్-నోస్ గానాన్ని వింటాము.