అంచువైపు నుంచి కనిపించే ఎన్‌జీసీ 253 గెలాక్సీని టెలిస్కోపులో ఎలా చూడాలి?

1783 సెప్టెంబరు 23న ఇంగ్లండులో ఖగోళ పరిశోధకురాలు కరోలిన్ హెర్షెల్ ఈ గెలాక్సీని కనుగొన్నారు. అక్కడ ఇది దిగంతం నుంచి 13 డిగ్రీలకు మించి పైకి రాదు. హైదరాబాదులో 47 డిగ్రీలు, తిరుపతిలో 51 డిగ్రీలు లేస్తుంది. ఇంత ఎత్తున దొరికే దాన్ని మనవాళ్లు చూడకుండా వదిలేయడం అన్యాయం.

దీపావళి అమావాస్య చీకటిదే గానీ పొగ చెడగొడుతుంది. దాని తర్వాత వచ్చే కార్తీక అమావాస్యకు అటూ ఇటూ వారం ఎంచుకోండి. నవంబరు మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకు, డిసెంబరు మధ్యలో ఏడున్నరకే ఇది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. ఊరి దీపాలకు దూరంగా వెళ్లి అరగంట కళ్లను చీకటికి అలవాటు చేయండి. మధ్యలో ఒక్కసారి ఫోను చూశారంటే ఆ అరగంటా వృథా.

నడినెత్తిన నాలుగు తారల పెగాసస్ చతురస్రం కనబడుతుంది. దాని తూర్పు అంచు తారలు రెండే మన ఉత్తరాభాద్ర. ఉత్తరపు తార నుంచి దక్షిణపు తారకు గీత గీసి, ఆ దూరానికి రెండింతల పైచిలుకు దక్షిణానికి పొడిగిస్తే కాస్త ఎడమగా డిఫ్డా అనే తార ఒంటరిగా మెరుస్తుంటుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఫోమల్‌హాట్ అనే మరో తారను పట్టుకుంటారు. అది ఇంకా ప్రకాశవంతం, నైరుతి దిక్కున కిందుగా ఉంటుంది. డిఫ్డా నుంచి 7.3 డిగ్రీలు కిందికి, ఒక డిగ్రీ ఎడమకు జరగండి. 10×50 బైనాక్యులర్స్‌లో డిఫ్డాను పై అంచున పెడితే, గెలాక్సీ కింది అంచు దాటగానే ఉంటుంది. సన్నటి బూడిదరంగు గీతలా కనబడితే అదే.

టెలిస్కోపులో ముందు 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) వాడండి. గెలాక్సీ పొడవు దాదాపు అర డిగ్రీ, అంటే చందమామంత. మొదటే ఎక్కువ మాగ్నిఫికేషన్ పెడితే అంచులు బయటికి పోయి ఏమీ లేనట్టే అనిపిస్తుంది. వాయుమేఘాల వెలుగును మాత్రమే రానిచ్చే నెబ్యులా ఫిల్టరూ వద్దు: ఇక్కడి వెలుగు ఎక్కువగా నక్షత్రాలది, ఫిల్టరు దాన్నే కోసేస్తుంది. చూపును గెలాక్సీ పక్కకు తిప్పి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసక వెలుగును కన్ను త్వరగా పసిగడుతుంది.

ఆకారం అర్థం కావాలంటే ఒక స్టీలు కంచాన్ని కంటి ముందు పట్టుకుని, వెడల్పు పొడవులో నాలుగో వంతయ్యేదాకా వంచండి. గెలాక్సీ మనకు దాదాపు అలాగే వాలి ఉంది. 8 అంగుళాల టెలిస్కోపులో 10 మి.మీ. ఐపీస్ పెట్టి, గెలాక్సీ అంచులు కాకుండా లోపలి భాగం చూడండి. వెలుగు సమానంగా ఉండదు, గరుకుగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆ నల్లటి మచ్చలు ధూళి మేఘాలు.

నడిమధ్యన ధూళి వెనక నక్షత్రాలు విపరీతమైన వేగంతో పుడుతున్నాయి. వాటి వేడిగాలులు, సూపర్‌నోవాలు (నక్షత్రాల పేలుళ్లు) వాయువును బయటికి నెడుతున్నాయి. 2013లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుతో కొలిచినప్పుడు ఏడాదికి కనీసం మూడు సూర్యుల బరువున్న వాయువు పోతోందని తేలింది. నక్షత్రాలుగా మారే వాయువు కన్నా ఇది తక్కువేం కాదు. ఆ వాయువు కంటికి కనబడదు.

అద్దం మసకబారిందంటే మంచు పట్టినట్టే. గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. మంచు పట్టకుండా ముందే నల్ల చార్టు పేపరును గొట్టం మూతికి చుట్టి, గొట్టం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ముందుకు ఉంచండి.