కోతలకి థ్రెషర్, హార్వెస్టర్ బయటికి తీసే ముందు: జాగ్రత్తలు

మొన్న మళ్ళీ అదే వార్త, నడుస్తున్న థ్రెషర్‌లో చెయ్యి పెట్టి ఒకాయన మోచెయ్యి దాకా పోగొట్టుకున్నాడని. కోతలొస్తే ఇలాంటిది ఒకటైనా వినాల్సొస్తోంది. ఆయిల్ మార్చడం, గ్రీజు కొట్టడం మీకు ఎలాగూ తెలుసు, వాటి గురించి రాయట్లేదు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన తప్పు, గడ్డి ఇరుక్కున్నప్పుడు ఇంజిన్ ఆపకుండా చెయ్యి పెట్టడం. నేను చూసినంతలో ఇలా చేతులు పోగొట్టుకున్నది కొత్తవాళ్ళు కాదు, ఏళ్ళ తరబడి మిషన్ మీద బతికినవాళ్ళే. వానొచ్చేలా ఉంది, పని ఆగిపోయింది, ఒక్క గుప్పెడు లాగేస్తే కదుల్తుంది అనుకుంటారు. జామ్ అయినప్పుడు బెల్టు బిగుసుకుని ఉంటుంది, ఆ గుప్పెడు ఊడగానే లోపల గింజ రాల్చే డ్రమ్ము ఒక్క ఊపున తిరుగుతుంది, చెయ్యి వెనక్కి తీసుకుందామన్నా అందదు. ఇంజిన్ ఆపినా కూడా డ్రమ్ము ఆ బరువుకి కాసేపు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు పోయింది కదా అని నమ్మకండి, ఆగిందో లేదో కళ్ళతో చూడండి. ఇంజిన్ ఆపండి, తాళం చెవి జేబులో వేసుకోండి. చెవి బండికే వదిలేస్తే మీరు లోపలున్న సంగతి తెలియక ఇంకొకరు స్టార్ట్ చేస్తారు.

తర్వాత పీటీఓ షాఫ్ట్, అంటే ట్రాక్టర్ ఇంజిన్ నుంచి మిషన్‌ని తిప్పే ఇనుప రాడ్డు. 540 స్పీడ్ అంటే నిమిషానికి 540 చుట్లు, సెకనుకి 9. చొక్కా అంచు తగిలిందంటే సెకనులో దాదాపు రెండు మీటర్ల గుడ్డ చుట్టేసుకుంటుంది, మనిషి అరిచేలోపే అయిపోతుంది. పైన ప్లాస్టిక్ కవర్ పగిలిందా, కొత్తది వేసేదాకా ఆ షాఫ్ట్ తగిలించొద్దు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు కవర్‌ని చేత్తో తిప్పి చూడండి, విడిగా తిరగాలి, షాఫ్ట్‌కి పట్టేసి ఉంటే అది ఉన్నా లేనట్టే.

నిప్పు సంగతి. సైలెన్సర్ చుట్టూ, బేరింగుల దగ్గర ఎండు పొట్టు పేరుకుంటే అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు, రోజూ బండి చల్లారాక గాలి కొట్టి దులపండి. ఫైర్ సిలిండర్ క్యాబిన్‌లో ఒకటి, నేల మీద నించుని అందుకునేలా ఒకటి, రెండింటి ముల్లూ పచ్చ రంగు మీదే ఉండాలి.

ఇంక మిగిలినవి. హార్వెస్టర్ ముందు పైరు కోసే భాగాన్ని, అంటే హెడర్‌ని లేపి కిందకి దూరే ముందు సేఫ్టీ లాక్ వెయ్యాల్సిందే, దాన్ని ఆయిల్ ఒత్తిడితో లేపే హైడ్రాలిక్ ఒక్కటే ఆపుతుందని నమ్మొద్దు. హైడ్రాలిక్ పైపు లీక్‌ని చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి, సూది రంధ్రం లోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, చిన్న చుక్క గాయమే కదా అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోయి హైడ్రాలిక్ ఆయిల్ అని చెప్పండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. రోడ్డెక్కితే ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి ఉండే రెండు బ్రేక్ పెడళ్ళూ కలిపి లాక్ చెయ్యండి. ధాన్యం దించే గొట్టం తెరిచే ముందు పైన కరెంటు తీగలు చూడండి, దించాక మడిచే కదలండి. నిద్రలేకుండా బండెక్కొద్దు. పిల్లల్ని క్యాబిన్‌లోకి ఎక్కించొద్దు, ఏడ్చినా సరే. గడ్డి ఇరుక్కుందా, ఇంజిన్ ఆపు, చెవి జేబులో వెయ్యి, డ్రమ్ము ఆగాక చెయ్యి పెట్టు. పక్కన ఎవరైనా తొందరపెడితే పెట్టనివ్వండి, మీరు మాత్రం చెవి తియ్యకుండా దిగొద్దు.