మెకానికల్ వాచీకి తోలు స్ట్రాప్ ఇంట్లోనే ఎలా కుట్టుకోవాలి? (వైజాగ్ ఉక్కపోతకి ఆగేలా)

నా వాచీ 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి ఆగుతుందని దాని వెనక మూత మీదే చెక్కి ఉంది. దానికి వేసిన తోలు స్ట్రాప్ మాత్రం మన ఊళ్లో రెండో వానాకాలం దాటలేదు. ఆన్‌లైన్‌లో కొన్నాను, అసలైన తోలు అని రాసి ఉంది. ఒకరోజు చూస్తే పైపొర కాగితంలా లేచిపోయి, లోపల అట్టలాంటిదేదో ఉబ్బి, మడతలో బూజు పట్టి ఉంది. చెమట, ఉప్పుగాలి, ఉక్కపోత మూడూ కలిస్తే అతుకుల తోలు ఇంతే. ఆ తర్వాత కుట్టడం నేర్చుకున్నాను. మొదటిది వంకరగా వచ్చింది, మూడోది ఇప్పటికీ వాడుతున్నాను.

వాచీ ఏదైనా పర్వాలేదు. పాత హెచ్‌ఎంటీ కావచ్చు, బెంగళూరు వాచ్ కంపెనీ మిగ్-21 స్ఫూర్తితో చేసిన మాక్ 1 కావచ్చు, జర్మనీ నుంచి వచ్చే సిన్, డమాస్కో లాంటి గట్టి వాచీలు కావచ్చు, లేదా జపాన్ ఎన్‌హెచ్35 మెషీన్ పెట్టి చిన్న బ్రాండ్లు చేసే డైవర్ వాచీ కావచ్చు. పని ఒకటే, కొలతలే మారతాయి.

కొలతలు

స్ట్రాప్‌ని పట్టుకునే రెండు కొమ్ముల మధ్య దూరం (లగ్ విడ్త్ అంటారు) వెర్నియర్‌తో కొలవండి. సాధారణంగా 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి వస్తుంది. స్కేలుతో అంచనా వేయకండి. ఒక్క మిల్లీమీటర్ తగ్గినా స్ట్రాప్ అటూ ఇటూ ఆడుతుంది, ఒకటి పెరిగితే అంచులు నలిగి లోపలికి దూరవు. స్ట్రాప్ పొడవు మామూలుగా రంధ్రాలున్న వైపు 120, బకిల్ వైపు 75 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ మణికట్టుకి బాగా కుదిరిన పాత స్ట్రాప్ ఉంటే ఈ అంకెలు వదిలేసి దాన్నే కొలుచుకోండి. ఆ కొలతలతో దళసరి అట్ట మీద నమూనా కత్తిరించి, వాచీకి ఆనించి, చేతికి చుట్టి చూడండి. ఈ అట్ట పని మీద అరగంట ఎక్కువ పెట్టినా నష్టం లేదు, తోలు కోశాక మళ్లీ అతికించలేం.

ఏ తోలు?

అన్నిటికంటే ముఖ్యం ఇదే. బజార్లో దొరికే మెత్తటి తోలులో ఎక్కువ భాగం క్రోమియం ఉప్పులతో పదును చేసింది. సంచులకి, షూలకి బాగుంటుంది కానీ దాని అంచుని రుద్ది మెరుగు పెట్టడం కష్టం. మనకి కావాల్సింది చెట్ల బెరడు, కాయలతో పదును చేసిన తోలు. దీన్నే వెజ్ టాన్ అంటారు. దక్షిణాదిలో ఎప్పటినుంచో తంగేడు చెక్క, కరక్కాయ ఇందుకు వాడుతున్నారు. తమిళనాడులో రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి వైపు తోలు పరిశ్రమ పెద్దది, చిన్న ముక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కోసిన అంచు చూడండి: మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే క్రోమ్, పైనుంచి కింద దాకా గోధుమ రంగే ఉంటే మనది. పైపొరకి రెండు మిల్లీమీటర్ల మందం, చర్మానికి తగిలే లోపలి పొరకి ఒక మిల్లీమీటర్ చాలు.

కరక్కాయ అన్నాను కాబట్టి బకిల్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కలంకారీలో గుడ్డని కరక్కాయ రసంలో నానబెట్టి, బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లబడుతుంది కదా, మీ స్ట్రాప్ మీద కూడా జరిగేది అదే. తోల్లో ఉన్న టానిన్‌కి (బెరడు, కాయల నుంచి దిగిన వగరు పదార్థం) చెమటలో తడిసి తుప్పు పట్టిన చవక బకిల్ ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది, అది ఇక పోదు. అందుకని 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు బకిల్ గానీ ఇత్తడిది గానీ కొనండి.

కోయడం, అతికించడం

కొత్త బ్లేడు, స్టీలు స్కేలు తీసుకుని ఒకే గీతలో కోయండి. నాలుగు సార్లు గీకితే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. కొమ్ముల దగ్గర తోలు స్ప్రింగ్ బార్ (రెండు కొమ్ముల మధ్య స్ట్రాప్‌ని పట్టి ఉంచే సన్నని స్ప్రింగు కడ్డీ) చుట్టూ మడతపడాలి కాబట్టి పైపొరని ఆ చివర 30 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, మడతపడే భాగాన్ని లోపలి వైపు నుంచి సగం మందానికి చెక్కేయండి. బకిల్ వైపు ముక్కకి రెండు చివర్లా ఇదే పని. అక్కడ బకిల్ ముల్లు కదలడానికి ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు కొట్టి, వాటి మధ్య తోలు తీసేస్తే సన్నని కిటికీలా వస్తుంది. బార్ దూరే గొట్టం వదులుగా ఉండకూడదు, అలాగని బిగుసుకుపోకూడదు. మడిచేటప్పుడు అసలు స్ప్రింగ్ బార్‌నే లోపల పెట్టి చూసుకోండి. బకిల్‌నీ, ఆ వైపు బార్‌నీ అతికించకముందే మడతలో పెట్టాలి, ఇది మర్చిపోతే అంతా విప్పాల్సిందే.

చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్ రెండు పొరలకీ పలచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి జిగురు అంటనప్పుడు నొక్కండి. తడిగా ఉండగా అతికిస్తే జారుతుంది. లోపలి పొరని చుట్టూ రెండు మిల్లీమీటర్లు పెద్దగా కోసుకుని, అతికించాక పైపొర అంచు వెంట కత్తిరించేస్తే రెండూ సమానంగా వస్తాయి.

కుట్టు

అంచు నుంచి మూడు మిల్లీమీటర్లు లోపలికి గీత గీసి, ఆ గీత మీద ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్లు తోలుకి రంధ్రం పొడిచే మొనదేలిన పనిముట్టు) మూడేసి మిల్లీమీటర్లకి ఒక రంధ్రం పొడవాలి. అంటే పది సెంటీమీటర్లకి దాదాపు 33 రంధ్రాలు. నా మొదటి స్ట్రాప్‌లో అంచు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలోనే పొడిచాను. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపిస్తే చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కసారి లాగి, "అంచుకి ఇంత దగ్గరగా పొడిస్తే చీరుకుపోద్ది బాబూ, ఆరె నిటారుగా పట్టుకో, చెయ్యి తొందర పడకూడదు" అన్నారు. ఆయన లాగిన చోటే మూడు వారాలకి చీరింది.

మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం మధ్యలో మెలిపడతాయి, ఒకటి తెగితే వరసగా ఊడొస్తుంది. మనం కుట్టేది శాడిల్ కుట్టు, ఒకే దారం, రెండు చివర్లా మొన లేని సూదులు. దారం పొడవు కుట్టుకి నాలుగు రెట్లు, పైన ఒక జానెడు తీసుకుని తేనెమైనం మీద రెండుసార్లు లాగండి. ఎడమ సూది ముందు దూర్చి లాగి, అదే రంధ్రంలో కుడి సూది అటు దూర్చండి, లోపలున్న దారాన్ని మాత్రం పొడవకండి. తర్వాత రెండు చేతులతో ఒకే బలంతో బిగించండి. ప్రతి రంధ్రానికీ ఇదే వరస. మధ్యలో వరస మారితే కుట్టు వాలు మారి, దూరం నుంచే తెలిసిపోతుంది. చివర్లో రెండు మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి కోసేయండి. పాలిస్టర్ దారమైతే మొనని లైటర్‌తో కరిగించి నొక్కండి.

అంచు మెరుగు

400, తర్వాత 800 నంబర్ గరుకు కాగితంతో అంచు రుద్ది, వేలితో కాస్త నీళ్లు అద్ది, నున్నటి కర్రతో గబగబా రుద్దండి. ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అంకుడు కర్రతోనే, లక్క పూయకుండా, ఒక పక్క గాడి పెట్టి చేయించుకున్నాను. తోలు గాడిలో కూర్చుని రెండు మూలలూ ఒకేసారి గుండ్రబడతాయి. ముందు అంచు చిరాకు పెట్టేలా పీచుపీచుగా ఉంటుంది. రుద్దగా రుద్దగా కర్ర వేడెక్కి, రెండు పొరల మధ్య గీత కనబడకుండా పోయి, చింతగింజలా మెరుస్తుంది. అప్పుడు తేనెమైనం పట్టించి గుడ్డతో తుడవండి. ఈ అంచు మూసుకుంటేనే చెమట లోపలికి దిగదు, అందుకే ఇక్కడ ఓపిక పట్టమంటున్నాను. బకిల్ ముల్లు దూరే రంధ్రాలు ఆఖర్న, చేతికి పెట్టి చూసుకుని, మీకు కుదిరిన చోట మధ్య రంధ్రం కొట్టి, అటూ ఇటూ ఏడేసి మిల్లీమీటర్ల దూరంలో రెండు మూడు కొట్టండి.

బిగించేటప్పుడు కొమ్ములకి టేపు అంటించుకుంటే గీతలు పడవు. బార్ రెండు చివర్లా టిక్కుమని పడ్డాక స్ట్రాప్‌ని గట్టిగా ఒకసారి లాగి చూడండి. ఉప్పుగాలికి బార్‌లు కూడా తుప్పు పడతాయి. ఏడాదికోసారి మార్చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు, వాచీ కింద పడితే నష్టం చాలా పెద్దది.

కొత్త తోలు లేత రంగులో ఉంటే కంగారు పడకండి, ఎండకీ చెమటకీ నెలల్లోనే తేనెరంగుకి తిరుగుతుంది. రాత్రి వాచీ తీశాక పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను గాలికి వదిలేయండి, వానాకాలంలో మూతపెట్టిన డబ్బాలో దాచొద్దు. తడిస్తే నీడలోనే ఆరాలి. ఆర్కే బీచ్‌కో రుషికొండకో వెళ్లే రోజు మాత్రం రబ్బరు స్ట్రాపో నైలాన్ స్ట్రాపో వేసుకోండి. కొమ్ములకి బయటి నుంచి రంధ్రాలున్న వాచీ అయితే సన్నని పిన్నుతో నొక్కి మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.