స్ప్రింగ్ ఎంవీసీ: ఫారంలో లేని ఫీల్డు డేటాబేస్‌లో మారిపోతుంటే

సమస్య

స్ప్రింగ్ ఎంవీసీ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ ఒకటి. ప్రొఫైల్ మార్చుకునే పేజీలో ఉన్నవి మూడే గళ్లు: పేరు, ఫోన్, ఊరు. కానీ డేటాబేస్ తెరిస్తే ఒక మామూలు యూజర్ రోల్ 'అడ్మిన్' అయి ఉంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. నాకు ఇది మొదటిసారి ఎదురైనప్పుడు రాత్రంతా లాగిన్ కోడే వెతికాను. తప్పు అక్కడ లేదు.

మీ అప్లికేషన్‌లో ఈ లోపం ఉందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. టెస్ట్ సర్వర్‌లో ఆ పేజీ తెరిచి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఫారం లోపల 'రోల్' పేరుతో ఇంకో ఇన్‌పుట్ చేర్చి, 'అడ్మిన్' అని నింపి సబ్మిట్ కొట్టండి. రోల్ మారిందంటే ఉన్నట్టే.

కారణం

రిక్వెస్టును అందుకునే కంట్రోలర్ మెథడ్‌కి యూజర్ ఎంటిటీనే (డేటాబేస్ టేబుల్‌కి సరిపోయే క్లాసు) నేరుగా మోడల్‌ఆట్రిబ్యూట్‌గా, అంటే ఫారం విలువలు నిండే ఆబ్జెక్టుగా, ఇచ్చేశాం. రిక్వెస్టులో వచ్చిన ప్రతి పేరుకీ ఆ క్లాసులో సెట్టర్ (విలువ పెట్టే మెథడ్) ఉందా అని డేటా బైండర్ (రిక్వెస్టు విలువలను ఆబ్జెక్టులో నింపే స్ప్రింగ్ భాగం) చూస్తుంది, ఉంటే విలువ పెట్టేస్తుంది. మన పేజీలో ఎన్ని గళ్లు గీశామో దానికి తెలియదు. 'అకౌంట్.బ్యాలెన్స్' అని చుక్క పెట్టి పంపితే లోపలి ఆబ్జెక్టులోకీ వెళ్తుంది.

పరిష్కారం

ముందుగా చేయాల్సింది, నేను ఎప్పుడూ చేసేది: ఫారం కోసం వేరే క్లాసు రాయడం. అందులో ఆ మూడు ఫీల్డులే ఉంటాయి. రోల్‌కి సెట్టరే లేనప్పుడు ఎవరు ఏం పంపినా పెట్టడానికి చోటుండదు. సర్వీసులో ఆ మూడింటినీ ఎంటిటీలోకి చేత్తో కాపీ చేయండి.

పాత కోడ్‌లో అంత మార్పు కుదరకపోతే, ఇనిట్‌బైండర్ మెథడ్‌లో (బైండర్‌ని సిద్ధం చేసే చోటు) సెట్‌అలౌడ్‌ఫీల్డ్స్ పిలిచి మూడు పేర్లూ ఇవ్వండి. వద్దన్న పేర్లను ఇచ్చే సెట్‌డిస్‌అలౌడ్‌ఫీల్డ్స్ జోలికి మాత్రం వెళ్లకండి. వచ్చే ఏడాది ఎంటిటీకి ఇంకో కాలమ్ చేరుస్తారు, దాన్ని ఆ నిషేధ జాబితాలో రాయడం ఎవరికీ గుర్తుండదు. పైగా 2022 వరకు ఆ జాబితా పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూసేది, దాంతో పూర్తి రక్షణ దొరికేది కాదు. 5.3.19, 5.2.21 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. సర్వర్‌లో బయటివాళ్ల కోడ్ నడపనిచ్చిన స్ప్రింగ్‌4షెల్ లోపం కూడా ఆ ఏడాది ఈ బైండర్ దారిలోనే వచ్చింది. అంతకన్నా పాత వెర్షన్ మీద ఉంటే ముందు అప్‌గ్రేడ్ చేయండి.

జాబితా పెట్టాక 'ఊరు సేవ్ కావడం లేదు'

జాబితాలో లేని పేరును బైండర్ చప్పుడు లేకుండా వదిలేస్తుంది, అందుకే టెన్షన్ పడతాం. లాగ్ లెవెల్‌ను డీబగ్‌కి మార్చితే ఏ ఫీల్డు తీసేసిందో కనిపిస్తుంది. బైండింగ్‌రిజల్ట్‌లో గెట్‌సప్రెస్డ్‌ఫీల్డ్స్ కూడా అదే చెబుతుంది. ఎక్కువసార్లు అక్షరం తేడానే దొరుకుతుంది.

జేసన్‌లో పంపితే మళ్లీ మారుతోంది

రిక్వెస్ట్‌బాడీని చదివేది జాక్సన్ (జేసన్ లైబ్రరీ), ఈ బైండర్ కాదు. అలౌడ్ జాబితా అక్కడ పనిచేయదు. అక్కడా ఆ విడి క్లాసే వాడండి.

స్ప్రింగ్ 6.1 నుంచి సెట్‌డిక్లరేటివ్‌బైండింగ్ ఉంది. అన్ని కంట్రోలర్లకూ వర్తించే కంట్రోలర్‌అడ్వైస్‌లో ఒక్కసారి ఆన్ చేస్తే, అలౌడ్ జాబితా ఇవ్వని చోట సెట్టర్ల ద్వారా ఏదీ నిండదు. ఆన్ చేసిన రోజు కొన్ని పాత ఫారాలు ఖాళీగా సేవ్ అవుతాయి. ఒక్కో దాన్ని తెరిచి అలౌడ్ జాబితా ఇవ్వండి, లేదా సెట్టర్లతో కాక కన్‌స్ట్రక్టర్‌తో విలువలు తీసుకునే విడి క్లాసు పెట్టండి, ప్రతిదానికీ 'రోల్' పంపి చూసే టెస్ట్ ఒకటి రాయండి.