మనోవిశ్లేషణ మీద మల్టీమీడియా నృత్యం: రిహార్సల్లో ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు

మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్, ఆయన దారిలో వచ్చిన ఫ్రెంచ్ విశ్లేషకుడు లకాన్, వీళ్ల ఆలోచనలతో నృత్యం కట్టాలనుకునే బృందాలు చాలావరకు ఒకే చోట తడబడతాయి. సిద్ధాంతం చెప్పే పని తెరకు అప్పగించి, దేహాన్ని దాని ముందు ఊరికే ఆడిస్తారు. కింది చిక్కుల్లో సగం అక్కడ పుట్టినవే. మిగతావి కేబుళ్లవి, లైట్లవి.

"బాగుంది గానీ ఏమీ అర్థం కాలేదు" అంటున్నారు ప్రేక్షకులు

తెర మీద నిర్వచనాలు నడుస్తున్నాయా? వెనక ఎవరో అచేతనం (మనకు తెలియకుండా పనిచేసే మనసు) గురించి చదువుతున్నారా? కారణం అదే. చదువుతున్న కన్ను అడవును, అంటే నాట్యపు అడుగును, చూడదు.

ఆ వాక్యాలు తీసేసి, సిద్ధాంతంలోనే ఉన్న కదలికను వెతకండి. ఫ్రాయిడ్ 1920లో తన మనవడి ఆట ఒకటి వర్ణించాడు. ఏడాదిన్నర పిల్లవాడు దారం కట్టిన చెక్క రీలును మంచం అంచు మీదుగా కనబడకుండా విసిరి "ఓ..." (జర్మన్‌లో 'ఫోర్ట్', పోయింది) అని దీర్ఘం తీసేవాడు. మళ్లీ లాగి, అది కనబడగానే "డా!" (ఇదిగో) అనేవాడు. అమ్మ బయటికి వెళ్లినప్పుడు తాను ఏమీ చేయలేని ఆ పిల్లవాడు, పోవడాన్నీ రావడాన్నీ తన చేతుల్లోకి తెచ్చుకున్నాడని ఫ్రాయిడ్ భావించాడు. విసురు, శూన్యం, లాగు: నృత్యం అందులోనే ఉంది. విసిరే సగాన్నే పిల్లవాడు ఎక్కువసార్లు ఆడేవాడని కూడా ఆయన రాశాడు. కాబట్టి విసురునే పదే పదే చేయించండి, తిరిగి రావడాన్ని ఆపి ఉంచండి. విసిరిన ప్రతిసారీ తెర మీది బొమ్మ ఆరిపోతే చాలు, ఎవరూ వివరించనక్కర్లేదు.

కల దృశ్యం పొగ, నీలి వెలుగు, నెమ్మది నడకగా తేలిపోతోంది

కల అంటే మసక అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కలలో వస్తువులు చాలాసార్లు స్పష్టంగానే కనిపిస్తాయి, వాటి కలయికే వింతగా ఉంటుంది. 1900 సంవత్సరం వేసుకుని వచ్చిన కలల పుస్తకంలో ఫ్రాయిడ్ రెండు పనులు చూపించాడు: అనేక విషయాలు ఒకే రూపంలోకి కుదించుకుపోవడం, ఒకదాని బరువు మరో అల్పమైన దాని మీదికి జరగడం.

పొగ యంత్రం ఆపి, ఒక్క వస్తువు తీసుకోండి. అమెరికన్ నర్తకి మార్తా గ్రాహం 1947లో, తెలియక తల్లినే పెళ్లాడిన గ్రీకు రాజు ఈడిపస్ కథను ఆ తల్లి జొకాస్టా వైపు నుంచి చెప్పిన 'నైట్ జర్నీ'లో ఆ వస్తువు తాడు. తల్లీకొడుకుల బొడ్డుతాడు, దంపతుల బంధం, చివరికి ఆమె ఉరి, అన్నీ ఆ తాడే. కూచిపూడి వాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ప్రవేశ దరువులో (పాత్ర రంగం మీదికి వచ్చే పాటలో) అడ్డుతెర మీదుగా పడే సత్యభామ జడ అందం, అహంకారం, సవాలు మూడింటినీ ఒక్కసారే చెబుతుంది. వీడియోలో కూడా ఆ ఒక్క వస్తువునే చాలా దగ్గరగా, పదునుగా చూపండి.

అందరి కళ్లూ తెర మీదే

తెర పెద్దది, వెలుతురుది, ఎప్పుడూ కదులుతోంది. దేహం కదిలేటప్పుడు బొమ్మను నిలపండి, బొమ్మ కదిలేటప్పుడు దేహాన్ని నిలపండి. చాలాసేపు తెరను నల్లగా వదిలేయడానికి భయపడకండి.

అద్దం దృశ్యంలో లైవ్ కెమెరా బొమ్మ తప్పుగా వస్తోంది

లకాన్ అద్దం దశను ఆరు నుంచి పద్దెనిమిది నెలల వయసులో చూశాడు. పసివాడి ఒళ్లు ఇంకా అతని మాట వినదు, అద్దంలో బొమ్మ మాత్రం నిండుగా కనిపిస్తుంది. ఆ రెంటి మధ్య అంతరమే దృశ్యానికి ప్రాణం గనుక ఇక్కడ సాంకేతిక తప్పులు అర్థాన్నే చెడగొడతాయి.

కుడి చెయ్యి ఎత్తితే బొమ్మలో చెయ్యి అవతలి పక్క లేస్తోందా? కెమెరా అద్దంలా తిప్పి చూపదు. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను అడ్డంగా తిరగేయండి.

బొమ్మ కాస్త వెనకబడుతోందా? వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ తీసి కేబుల్ వేయండి. దూరం ఎక్కువైతే హెచ్‌డీఎంఐ కేబుల్ బదులు, ఎక్కువ దూరం పనిచేసే ఎస్‌డీఐ వీడియో కేబుల్ వాడండి. కెమెరాకూ ప్రొజెక్టర్‌కూ ఒకే రిజల్యూషన్, ఒకే ఫ్రేమ్ రేటు పెట్టండి. ప్రొజెక్టర్‌లో బొమ్మను మెరుగుపరిచే సెట్టింగులు ఆపేయండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. అలాంటివి నాలుగైదు కలిస్తే గజ్జెల చప్పుడుకీ పాదానికీ పొత్తు తప్పుతుంది. ఆలస్యమే కావాలనుకుంటే ధైర్యంగా రెండు సెకన్లు పెట్టండి. చిన్న ఆలస్యం లోపంలా కనిపిస్తుంది, పెద్దది ఉద్దేశమని తెలుస్తుంది.

బొమ్మలో బొమ్మ సొరంగంలా సాగుతుంటే కెమెరా తెరను కూడా చూస్తోందన్నమాట. కెమెరాను పక్కకు జరపండి. కుదరకపోతే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని పట్టే కెమెరాకు, కంటికి కనిపించే వెలుగును ఆపే ఫిల్టర్ బిగించి, నర్తకి మీద పరారుణ దీపం వేయండి. ప్రొజెక్టర్ వెలుగులో పరారుణం చాలా తక్కువ, కాబట్టి కెమెరాకు దేహమే కనిపిస్తుంది. పాత హాలోజన్ లైట్లు మాత్రం ఆర్పాలి, వాటిలో పరారుణం దండిగా ఉంటుంది.

బొమ్మ నర్తకి ముఖం మీద పడి అభినయం చెరిగిపోతోంది

వెనక నుంచి ప్రొజెక్ట్ చేయండి. వెనక చోటు లేకపోతే ప్రొజెక్టర్‌ను ఎత్తున కట్టి నిటారు కోణంలో వేసి, నర్తకిని తెరకు దూరంగా ముందుకు తీసుకురండి. ముఖానికి వెలుగు పక్కల నుంచి ఇవ్వండి.

రిహార్సల్ అయ్యాక నర్తకులు కుంగిపోతున్నారు

దీన్ని అన్నిటికంటే ముందు పట్టించుకోవాలి. "నీ చిన్ననాటి భయం చెప్పు, దాన్నే ఆడదాం" అని అడుగుతున్నారేమో చూడండి. విశ్లేషకుడి గదికి నిర్ణీత సమయం, గోప్యత, శిక్షణ పొందిన మనిషి ఉంటారు. రిహార్సల్ హాలులో ఆ మూడూ ఉండవు, పైగా అవతల ఉన్నది పాత్రలు పంచే దర్శకుడు. కాదనడం కష్టం.

సొంత జ్ఞాపకాలు అడగడం ఆపండి. కల్పించిన కలను బృందమంతా కలిసి రాసుకోండి. ఎవరైనా తమంతట తాము ఇచ్చినది వాడుకుంటే, ప్రదర్శన రోజు ఉదయం కూడా దాన్ని వెనక్కి తీసుకునే హక్కు వాళ్లదేనని ముందే చెప్పండి. ఆ భాగం లేకుండా నడిచే జతి ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. నిద్ర చెడి, దిగులు వదలని వారిని మనస్తత్వ నిపుణుల దగ్గరికి పంపండి, వాళ్ల చోటు పోదని మాట ఇచ్చి మరీ పంపండి.